మంచం పక్కన పదకొండు ప్రశ్నలు

(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు కబురు పంపి, "ఆరోగ్యం మీద నాలుగు మాటలు చెప్పండి ఆపా" అన్నారు. బీపీ గురించి, షుగర్ గురించి డాక్టర్లు మీకు చెబుతూనే వున్నారు. నేను డాక్టరును కాను. ముప్పై ఏండ్లకు పైగా వార్డుల్లో పనిచేసి రిటైరైన నర్సును. అందుచేత నాకు తెలిసిన పని గురించే చెబుతాను. ఆ పని పేరు అడగడం. రోగిని ఏమి అడగాలి, ఏ వరుసలో అడగాలి, అడిగినదాన్ని ఎట్లా రాసుకోవాలి - యింతే నా విషయం. యిది చిన్న విషయమని మీకు తోచవచ్చు. నాకు కూడా ఒకప్పుడు అట్లాగే తోచింది. ఆ పొరపాటుతోనే మొదలుపెడతాను.

సుమారు యిరవై ఏండ్ల కిందటి మాట. మర్రిగూడ వైపు పల్లె నుంచి ఒక పెద్దావిడ మా వార్డుకు వచ్చారు. జ్వరం, మూత్రంలో మంట, నీరసం. పరీక్ష చేశారు, ఇన్‌ఫెక్షన్ అన్నారు, మందులు యిచ్చారు, తగ్గింది, వెళ్లిపోయారు. రెండు నెలలకు మళ్లీ అదే బాధ. మళ్లీ అవే మందులు, మళ్లీ యిల్లు. మూడోసారి వచ్చినప్పుడు ఒళ్లంతా వణుకు, మాట తడబాటు. ఇన్‌ఫెక్షన్ రక్తంలోకి పాకింది. బతుకుతారో లేదో అనుకున్నాము.

మూడుసార్లూ ఆమెను చేర్చుకునే కాగితం రాసింది నేనే. అందులో 'ద్రవాలు' అని ఒక గడి, 'మలమూత్ర విసర్జన' అని ఒక గడి, 'నడక' అని ఒక గడి వున్నవి. మూడు గడుల్లో మూడుసార్లూ నేను 'సాధారణం' అని రాశాను. అడగకుండానే రాశాను. డ్యూటీ మారే వేళ, ముప్పై మంది రోగులు, యిద్దరు నర్సులు. సాకులు చాలా వున్నవి. అయినా రాత నాదే గదా!

జ్వరం తగ్గిన తరువాత ఒక రాత్రి డ్యూటీలో ఆమె పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను. "నానీ, రోజుకు ఎన్ని గ్లాసుల నీళ్లు తాగుతారు?" అని అడిగాను. "పొద్దున ఒకటి, రాత్రి మందుబిళ్లకు సగం, బేటీ" అన్నారు. "ఎండాకాలంలో కూడానా?" అన్నాను. కొంతసేపు మాట్లాడలేదు. తరువాత తెలుగూ ఉర్దూ కలిపి మెల్లగా చెప్పుకొచ్చారు. మోకాళ్లు వంగక ఎన్నో ఏండ్లయింది. గొంతుకూర్చోలేరు. యింట్లో దొడ్డి లేదు. తెల్లవారకముందు కోడలు పట్టుకుని బయటికి తీసుకుపోతుంది. తరువాత కోడలు కూలికి పోతే చీకటి పడేదాకా రాదు. కొడుకు ముంబయిలో బిల్డింగు పనిలో వున్నాడు. "నీళ్లు తాగితే పోవాల్సొస్తది గదా బేటీ, నన్ను ఎవరు తీస్కపోతరు?" అన్నారు.

చూశారా! ఆమె జబ్బు మూత్రంలో వుంది. దాని మూలం మోకాళ్లలో వుంది, వూరి బోరు నీళ్లలో వుంది, ముంబయికి పోయిన కొడుకులో వుంది, ఆడమనిషి సిగ్గులో వుంది. ల్యాబు పరీక్షలో యివి ఏవీ కనబడవు. అడిగితేనే బయటికి వస్తవి. వూళ్లోని వడ్రంగి చేత మధ్యలో రంధ్రమున్న కుర్చీ ఒకటి చేయించుకున్నారు. కింద బకెట్టు. తలవైపు నీళ్ల చెంబు. ఆ తరువాత నేను ఆ వార్డులో వున్నన్ని రోజులు ఆమె ఆ బాధతో మళ్లీ రాలేదు.

ఆ రాత్రి నాకు తట్టిన ప్రశ్న అదృష్టం కొద్దీ తట్టింది. ప్రతి రోగి విషయంలో అదృష్టాన్ని నమ్ముకోవడం కుదరదు. అందుకే మా వృత్తిలో పెద్దలు ప్రశ్నలకు ఒక చట్రం కట్టి పెట్టారు.

ఇంగ్లండు దేశపు ఫ్లోరెన్స్ నైటింగేల్ పేరు మీరంతా విన్నదే. 1854లో క్రిమియా యుద్ధంలో గాయపడిన సైనికుల సేవకు టర్కీలోని స్కుటారి ఆసుపత్రికి పోయిన తల్లి. ఆమె 1859లో రాసిన నర్సింగ్ పుస్తకంలో రోగిని ఎట్లా గమనించాలి అనే విషయానికే ఒక అధ్యాయం కేటాయించారు. తరువాత అమెరికాలో వర్జీనియా హెండర్సన్ మనిషికి కావలసిన 14 అవసరాలను వరుసగా చెప్పారు. శ్వాస, తిండి, విసర్జన, నిద్ర మొదలుకొని ఆరాధన, పని, ఆట, నేర్చుకోవడం దాకా. 1980లో ఎడిన్‌బరోలో రోపర్, లోగన్, టియర్నీ అనే ముగ్గురు నర్సులు దీన్నే 12 నిత్యకృత్యాలుగా పుస్తకంలో పెట్టారు. బోస్టన్‌లో ప్రొఫెసరుగా పనిచేసిన మార్జరీ గార్డన్ 11 శీర్షికలు తయారు చేశారు. ఆమె 2015లో కన్నుమూశారు. మన దేశంలో నర్సింగ్ చదివే పిల్లలు కూడా యీ పద్ధతులు నేర్చుకుంటున్నారు.

డాక్టరు 'యీ మనిషికి ఏ జబ్బు వచ్చింది?' అని చూస్తారు. నర్సు 'యీ జబ్బు వచ్చినందువల్ల యీ మనిషి బతుకు ఎక్కడెక్కడ ఆగిపోయింది?' అని చూడాలి. రెండూ కావాలి. మన వంటింట్లో పోపుల డబ్బా వుంటుంది గదా. మూత తీయగానే ఏ గిన్నె ఖాళీ అయిందో కంటికి కనిపిస్తుంది. గార్డన్ గారి పదకొండు శీర్షికలు అటువంటి డబ్బాయే. ఏ ప్రశ్న అడగడం మరిచిపోయామో ఖాళీ గడి చూపిస్తుంది. వాటిని మన జిల్లాల మాటల్లో చెబుతాను, వినండి.

మొదటిది, తన ఆరోగ్యం గురించి రోగికి తెలిసింది ఏమిటి, ఏం చేస్తున్నారు. "మీకు ఏమైందని మీరు అనుకుంటున్నారు?" అని అడగండి. కొందరు దిష్టి అంటారు, కొందరు వేడి చేసిందంటారు. నవ్వవద్దు. ఏ మందులు మింగుతున్నారు, ఏవి మధ్యలో మానేశారు, నాటుమందు ఏదైనా వుందా అనేది యిక్కడే తెలుస్తుంది.

రెండవది, తిండీ నీళ్లూ. మన నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో దీన్ని ఎవరూ దాటిపోరాదు. "ఏ నీళ్లు తాగుతున్నారు? చిన్నప్పుడు ఏ నీళ్లు తాగి పెరిగారు?" అని రెండూ అడగాలి. మన దేశంలో నీటి ఫ్లోరైడ్ వల్ల వచ్చే జబ్బు గురించి మొదట 1937లో నాటి నెల్లూరు జిల్లా పల్లెల నుంచి రాశారు. 1940లలో మన వైపు సంగతి బయటపడింది. 1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు కృష్ణమాచారి, కృష్ణస్వామి గారలు ఫ్లోరోసిస్ వున్న పల్లెల్లో ఎదిగే పిల్లల మోకాళ్లు లోపలికి వంకర పోతున్నవని లాన్సెట్ పత్రికలో రాశారు. లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము లోపు వుండాలి. వేరే నీరు దొరకని చోట 1.5 దాకా ఒప్పుకుంటారు. అంతకు మించిన నీళ్లు మన పల్లెలు ఏండ్ల తరబడి తాగినవి. పటిక, సున్నం, బ్లీచింగ్ పొడి కలిపి నీటిలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని నాగపూరులోని నీరీ సంస్థవారు తయారు చేశారు. దానికి 'నల్గొండ టెక్నిక్' అని పేరు. టాంజానియా, ఇథియోపియా దేశాల దాకా ఆ పేరు పోయింది. మన జిల్లా పేరు దేశాంతరం పోయిందని సంతోషించాలా, ఎందుకు పోయిందో తలచుకుని దుఃఖించాలా, మీరే చెప్పండి.

2016 తరువాత మిషన్ భగీరథ ద్వారా నదీజలం మన పల్లెల్లోని యిండ్లకు వచ్చింది. మంచిది. కాని నీరు మారినంత తొందరగా ఎముక మారదు. చిన్నతనంలో ఆ నీళ్లు తాగిన మనిషికి యీరోజు యాభై, అరవై ఏండ్లు. బిగుసుకున్న నడుమును మునుపటిలా చేసే మందు లేదు. కనుక ఆ మనిషికి సేవే మందు. పక్కా నల్లా వున్న యింట్లో కూడా కొందరు రుచి కోసమని బోరు నీళ్లే తాగుతారు. అందుకే అడగమంటున్నాను.

మూడవది విసర్జన. నానీ కథ చెప్పాను గదా, అదే చాలు. "ఎన్నిసార్లు" అని మాత్రమే కాదు, "ఎక్కడికి పోతారు, ఎవరు తోడు వస్తారు, కూర్చోగలరా" అని కూడా అడగాలి.

నాలుగవది కదలిక. 'నడుస్తారా?' అంటే అందరూ 'ఆఁ' అనే అంటారు. బావి నుంచి బిందె తేగలరా, బస్సు మెట్టు ఎక్కగలరా, నెత్తిమీది గుడ్డ తామే సర్దుకోగలరా, సజ్దా నేలమీద చేస్తున్నారా లేక కుర్చీలో కూర్చుని చేస్తున్నారా - యివి అడగండి. ఫ్లోరోసిస్ అనుమానం వున్నచోట మూడు చిన్న పరీక్షలు వున్నవి. మోకాళ్లు వంచకుండా ముందుకు వంగి కాలివేళ్లు ముట్టుకోవడం, గడ్డం రొమ్ముకు ఆనించడం, చేతులు ఎత్తి వెనక్కి వంచి తల వెనుక ముట్టుకోవడం. చేయలేకపోతే ఫ్లోరోసిసే అని తీర్పు చెప్పవద్దు. డాక్టరుకు చూపించండి అని చెప్పండి. తూలిపోయేవారి చేత చేయించవద్దు.

ఐదవది నిద్ర. నొప్పి వల్ల మెలకువ వస్తున్నదా, దిగులు వల్లనా అని తెలుసుకోవాలి.

ఆరవది తెలివి, చూపు, వినికిడి, నొప్పి. నొప్పి అనేది ఒక్క మాట కాదు. మనవాళ్లు సలుపు అంటారు, పోటు అంటారు, గుంజుతున్నదంటారు, మంట అంటారు, తిమ్మిర్లు అంటారు. ఉర్దూలో 'దర్ద్' వేరు, 'జలన్' వేరు. షుగర్ వున్న మనిషి అరికాళ్లు మంట, తిమ్మిరి అంటే నరాల సంగతి చూడాలి. నడుము బిగిసిన మనిషి కాళ్లు తిమ్మిరెక్కి బలం తగ్గుతున్నవంటే వెన్నుపాము నొక్కుకుంటున్నదేమోనని తొందరపడాలి. రెంటికీ కలిపి 'కాళ్ల నొప్పి' అని రాస్తే రెండూ పోయినట్టే. కాబట్టి రోగి నోటినుంచి వచ్చిన మాటను ఆ మాటగానే రాయండి. మందులవల్లనో జ్వరంవల్లనో పెద్దవారి మాట తడబడితే 'ముసలితనం' అని వదిలేయవద్దు.

ఏడవది, తన గురించి తాను ఏమనుకుంటున్నారు. గారపళ్ల పిల్ల నవ్వేటప్పుడు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంటుంది. ఆమెకు పంటి బాధ కంటే పెండ్లి సంబంధాల బాధ ఎక్కువ.

ఎనిమిదవది, యింట్లో ఆ మనిషి స్థానం, చుట్టూ వున్నవారు. పాలమూరు కూలీ పోని పెద్ద పట్నం లేదు. కొడుకు, కోడలు వలసపోతే యింట్లో ముసలివారు, పసివారు మిగులుతారు. "ఇన్సులిన్ ఎవరు వేస్తారు? రాత్రి పక్కన ఎవరు వుంటారు?" అని అడగకుండా 'రోజూ ఇంజెక్షన్ వేయించండి' అని చీటీ రాసి పంపితే ఆ చీటీ గోడ మేకుకే వేలాడుతుంది.

తొమ్మిదవది స్త్రీపురుష సంబంధమైన, కాన్పులకు, నెలసరికి సంబంధించిన విషయాలు. దీన్ని తలుపు వేసి, ఆడవారిని ఆడ నర్సు, మగవారిని మగవారు అడగాలి. అత్తగారి ముందు కోడలిని అడిగితే నిజం రాదు. సిగ్గు అని వదిలేస్తే గర్భసంచి జారిన బాధతో ఏండ్లు గడిపేవారున్నారు.

పదవది, కష్టం వస్తే ఎట్లా తట్టుకుంటున్నారు. అప్పు వుందా, తాగుడు వుందా, మనసులోది చెప్పుకునేందుకు ఒక్కరైనా వున్నారా?

పదకొండవది విశ్వాసం. యిది చివర వున్నదని చిన్నది కాదు. ఒకసారి ఒక పెద్దమనిషికి యిచ్చిన క్యాప్సూళ్లన్నీ దిండు కింద దొరికినవి. క్యాప్సూలు తొడుగు జంతువుల ఎముకలు, చర్మం నుంచి తీసిన జిలాటిన్‌తో చేస్తారని విని, ఏ జంతువో అని మింగలేదు. మమ్మల్ని అడగలేదు, మేమూ ఆయన్ని అడగలేదు. అడిగి వుంటే డాక్టరుతో చెప్పి అదే మందు బిళ్లగానో సిరప్‌గానో యిప్పించేవారము.

రంజాన్ సంగతి కూడా యిదే. షుగర్ వున్నవారు రోజా వుంటామని డాక్టరుకు చెప్పరు. వద్దంటారని భయం. తమంతట తాము మందు సగం చేసుకుంటారు. రంజాన్‌కు ఆరు నుంచి ఎనిమిది వారాల ముందే డాక్టరును కలవాలి. కొందరికి మందు వేళలు మార్చి వీలు చేస్తారు, కొందరికి వద్దనే చెబుతారు. రోజాలో వున్నప్పుడు చక్కెర 70కి తగ్గినా, 300 దాటినా రోజా విడవాలని వైద్యుల మాట. పరీక్షకు వేలు గుచ్చుకుంటే రోజా పోదని ఆలిములు చెప్పి వున్నారు. యీ ప్రశ్న మనవాళ్లకు మాత్రమే కాదు. ఏకాదశి ఉపవాసం వుండే అమ్మనూ, శుక్రవారం ఉపవాస ప్రార్థనకు పోయే క్రైస్తవ సోదరినీ యిదే అడగాలి.

అయ్యా, పదకొండూ అయిపోయినవి. "వార్డులో యిన్ని అడిగేందుకు తీరిక వుంటుందా?" అని యిక్కడి యువకుడెవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. అన్నీ ఒక్కపూటలో అడగనవసరం లేదు. ప్రాణం మీదికి వచ్చిన రోగిని ముందు శ్వాస, నాడి చూడాలి గాని నమ్మకాలు అడుగుతూ కూర్చోరాదు. మందు యిచ్చేటప్పుడు రెండు, పక్క మార్చేటప్పుడు రెండు, యింటికి పంపేముందు మిగిలినవి. అడగనిది ఖాళీగా వుంచండి, తరువాతి నర్సు అడుగుతుంది. అడగకుండా 'సాధారణం' అని నింపిన గడి కంటే ఖాళీ గడి వెయ్యి రెట్లు మేలు. ఖాళీ గడి నిజం చెబుతుంది. నేను నింపిన గడి అబద్ధం చెప్పింది. అది చూసినవారంతా అడిగారనే అనుకున్నారు.

రాయడంతో కూడా పని ముగియదు. అడిగినదాన్నిబట్టి ఏం చేయాలో అనుకోవాలి, చేయాలి, చేసింది పనిచేసిందా లేదా అని మళ్లీ పోయి చూడాలి. కుర్చీ యిచ్చి వదిలేస్తే దాని మీద బట్టలు ఆరేస్తారు!

యిక సొసైటీవారికి నా మనవి మూడు మాటలు.

ఒకటి. మన మొహల్లాల్లో, చుట్టుపక్కల పల్లెల్లో మంచం పట్టిన పెద్దలను నెలకొకసారి చూసిరావడానికి ఆడవారు యిద్దరు, మగవారు యిద్దరు ముందుకు రావాలి. చేతిలో ఒక కాగితం, పదకొండు గడులు. కుల మతాల లెక్క లేకుండా ఏ గడప అయినా సరే. వారు మందులు చెప్పకూడదు. జబ్బు పేరు పెట్టకూడదు. అడగడం, వినడం, రాయడం, కావలసినచోటికి చేర్చడం అంతే. తొమ్మిదో గడి మాత్రం నర్సుకే వదలండి. ఆ కాగితంలోని సంగతి యింటి గడప దాటి పోరాదు. ఒక యింటి గుట్టు మరో యింట్లో చెప్పినరోజు అన్ని తలుపులూ మూసుకుపోతవి.

రెండు. ఖాళీ అయిన డబ్బా గిన్నె చూపిస్తే నింపడానికి మన దగ్గర ఏదో వుండాలి గదా. రంధ్రపు కుర్చీలు నాలుగు, చేతికర్రలు, నడిచే ఫ్రేములు రెండు కొని సొసైటీ గదిలో పెట్టండి. అవసరమున్న యింటికి అరువు యివ్వండి, తీరిన తరువాత తెచ్చి మరొకరికి యివ్వండి. ప్రతి ఏడూ యిచ్చే ఇఫ్తార్ విందులో ఒక్క పూట ఖర్చు తగ్గిస్తే యివి వస్తవని నా అంచనా. తప్పుగా మాట్లాడితే పెద్దలు మన్నించాలి.

మూడు. యిది యిక్కడున్న ప్రతి యింటివారికి. మీవారిని ఆసుపత్రికి తీసుకుపోయేటప్పుడు పాత చీటీలు, మింగుతున్న మందుల అట్టలు ఒక సంచిలో వేసుకుని పోండి. ఏం తింటున్నారు, ఎన్ని నీళ్లు తాగుతున్నారు, నిద్ర ఎట్లా వుంది, ఏది చేయలేకపోతున్నారు అనేది ముందే అడిగి తెలుసుకోండి. నర్సు అడగకపోతే మీరే చెప్పండి. "అమ్మా, మా నాన్న గొంతుకూర్చోలేరు" అన్న ఒక్క మాట కొన్నిసార్లు పరీక్షల కట్టకంటే ఎక్కువ పనిచేస్తుంది.

మన సొసైటీలో నర్సింగ్ చదువుతున్న ఆడపిల్లలు కూడా కూర్చుని వున్నారు. వారికి ఒక్క మాట. బిడ్డలారా, మీరు నా కంటే ఎక్కువ చదువుకుంటున్నారు. యీ పదకొండు శీర్షికలు పరీక్ష కోసం ఒక్క రాత్రిలో బట్టీ పడతారు. కాని మంచం పక్కకు స్టూలు జరుపుకుని కూర్చోవడం ఏ పుస్తకంలోనూ రాదు. నానీని మొదటిరోజే నేను ఒక గ్లాసు నీళ్ల సంగతి అడిగి వుంటే రెండోసారీ మూడోసారీ రావలసిన పని వుండేది కాదు. ఆ లెక్క నా మీద వుంది. మీ మీద అటువంటి లెక్క పడకూడదని యీ రోజు యింతమందిలో చెప్పుకున్నాను.